సెకండ్సు – మారు వడ్డన



ఆంగ్లభాషలో 'సెకండ్సు' అను చిన్నమాట యొకటి కలదు. గడియారములోని సెకండ్లు అందరెరిగినవే. భోజనపు బల్లయొద్ద ఆ మాటకు అర్థము వేరు. మొదట వడ్డించినది తిని, అదే పదార్థమును మరల వేయించుకొన్నచో ఆ రెండవ వడ్డనకు 'సెకండ్సు' అని పేరు. వేయించుకొన్నది ఒక్కసారియే యైనను మాట బహువచనమే. అన్నమైనను, కూరయైనను, పాయసమైనను మాట మారదు. మూడవసారికి చేయి చాచువానిని 'థర్డ్సు' అని పరిహాసమాడుటయు కలదు. ఇది కచేరి భాష కాదు. క్యాంటీను టెండరు కాగితములలో 'అదనపు పరిమాణము' అని వ్రాయుదురు గాని 'సెకండ్సు' అని వ్రాయరు. వ్రాసినచో పై అధికారి ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. ఇంటిలోను, స్నేహితుల నడుమను, హాస్టలు పిల్లల నోటను వినబడు మాట ఇది. రాయపూరులో ఇంగ్లీషు బడికి పోవు తెలుగు పిల్లవాడు ఈ మాటకు అర్థమేమని తండ్రినడిగినచో, ఆయన నిఘంటువు తెమ్మనును. తల్లినడిగినచో, గరిట చేతిలోనుండగనే 'మారు' అని చెప్పివేయును.

తల్లి చెప్పినదే సరియైన మాట. అయినను ఆ రెండు మాటలకును నడుమ కొంత దూరము కలదు. ఆ దూరమును కొలుచుటయే ఈ ఉపన్యాసము పని.

ముందు ఆంగ్లేయుల పంక్తి చూతము. వారికి వడ్డనకు మరియొక మాట కలదు, 'హెల్పింగు'. 'హెల్పు' అనగా సహాయమని అయిదవ తరగతి పిల్లవాడు చెప్పును. 17వ శతాబ్దము చివర ఫ్రెంచివారి 'సర్వీర్' అను క్రియకు అనువాదముగా ఆ మాటకు 'వడ్డించు' అను అర్థము చేరినదని నిఘంటుకారులు చెప్పుదురు. 19వ శతాబ్దము నాటికి ఒక తడవ వడ్డించిన పదార్థమే 'హెల్పింగు' అయినది. విందులో దొరగారు 'హెల్ప్ యువర్‌సెల్ఫ్' అన్నచో 'నీకు నీవే సహాయము చేసికొనుము' అని కాదు, 'నీవే వడ్డించుకొనుము' అని భావము. తెలుగు విందులో గృహస్థుడు అతిథితో అట్లు పలికినచో ఆ అతిథి మరల ఆ గుమ్మము త్రొక్కడు. ఒక జాతికి మర్యాదయైనది మరియొక జాతికి ఉపేక్షగా తోచుట ఇట్టి చోటనే కనబడును.

'సెకండ్సు'కు ఇంకొక నీడ కూడ కలదు. బట్టల మిల్లునుండి చిన్న లోపముతో వచ్చిన తానును సెకండ్సు అని తక్కువ ధరకమ్ముదురు. రాయపూరులోని పండ్రీ బట్టల బజారులో బేరమాడి వచ్చిన గృహిణులకు ఈ అర్థము వివరింప పనిలేదు. మొదటిది మేలైనది, రెండవది దానికి కొంచెము తక్కువది అను భావము ఆ మాటను వదలదు.

తెలుగు 'మారు'కు అట్టి నీచత్వము లేదు. మారు అనగా తడవ. ఒక మారు, రెండు మార్లు. మారు అనగా మరియొకటి కూడ. మారుపేరు, మారువేషము, మారుతల్లి, మారుమనువు. మారుమాట యనగా బదులు పలుకుట. ఈ మాటలలో పెక్కింట మొదటిదాని చోటికి రెండవది వచ్చి కూర్చుండును. మారు వడ్డనలో మాత్రము రెండవది మొదటిదానిని త్రోసిపుచ్చదు, దానిపై వచ్చి చేరును. విస్తరిలో మొదట పడిన ముద్దకును తరువాత పడిన ముద్దకును రుచిలో భేదము లేదు. నిజము చెప్పవలెనన్న, పనసపొట్టు కూర రెండవసారియే ఎక్కువ రుచించును; మొదటిసారి ఆకలి దానిని రుచి చూడనీయదు.

అసలు భేదము వేరొకచోట ఉన్నది. ఆ మాటను ముందు పలుకువారెవరు? ఆంగ్లేయుల పంక్తిలో సాధారణముగా తినువాడు పలుకును, లేచిపోయి తెచ్చుకొనును. తెలుగువారి బంతిలో వడ్డించువారు పలుకుదురు. 'మారు వడ్డించనా?' అను ప్రశ్న ముందు వచ్చును. అవునో కాదో తరువాత. 'అడుగనిదే అమ్మయినా పెట్టదు' అను సామెత ఉన్నది గదా యని ఎవరైన ఆక్షేపింపవచ్చును. అమ్మ అట్టిదికాదు గనుకనే ఆ సామెతకు పదును వచ్చినది. అమ్మ అడుగకయే పెట్టునని అందరికి తెలియును. లోకము మాత్రము అట్లు పెట్టదని చెప్పుటకే ఆమెను సాక్ష్యమునకు లాగిరి.

మారుకు తోబుట్టువు కొసరు. అంగడివాడు తూచిన తరువాత వేయు పిడికెడు కొసరు. భోజనములో 'కొసరి కొసరి వడ్డించుట' అనగా వద్దనుచున్నను ప్రేమతో వేయుట. మారు ఆకలికి, కొసరు అభిమానమునకు. మారుకు తినువాని యంగీకారము కావలెను, కొసరుకు అక్కరలేదు. ఈ రెంటి నడుమనే తెలుగు బంతిలోని నాటకమంతయు జరుగును. పప్పు, కూర, పచ్చడి ముగిసి పులుసు వచ్చుసరికి 'మారన్నము' కావలసివచ్చును. చారునకు మరల కొంత, పెరుగునకు మరల కొంత. పెద్దమనిషి విస్తరిపై చేయి అడ్డముంచి 'చాలు, చాలు' అనును. అనుభవముగల వడ్డనకర్త ఆ చేతిని చూచును గాని మాటను వినడు. వ్రేళ్లు దగ్గరగా నున్నచో నిజముగా చాలు. వ్రేళ్లు ఎడముగా నున్నచో రెండు గరిటలు పట్టును. 'వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే' అను సామెత కూడ ఈ విద్యనుండి పుట్టినదే. దానిని కచేరీలలో ప్రమోషన్లకు అన్వయించుట తరువాతి వారి చమత్కారము.

తెలుగున వడ్డనకు పరిమాణములను చెప్పు తీరు కూడ గమనింపదగినది. ఏ పాత్రకైనను, ఏ అవయవమునకైనను '-ఎడు' చేర్చినచో అది కొలత యగును. పిడికెడు, గుప్పెడు, దోసెడు, చారెడు, గరిటెడు, గిన్నెడు. ఆంగ్లములో 'హ్యాండ్‌ఫుల్, స్పూన్‌ఫుల్' అను మాటలు ఇట్లే పుట్టినవి. బియ్యము కొలుచునప్పుడు లెక్క మరింత గట్టిది: 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక, 4 మానికలు ఒక కుంచము. మెట్రిక్ తూనికలు వచ్చినను, 'ఇంటికి ఎంత పొయ్యవలెను' అని అడిగినచో పెద్దముత్తైదువ నేటికిని సోలలలోనే జవాబు చెప్పును. 'ధాన్ కా కటోరా', అనగా వడ్లగిన్నె, అని పేరొందిన ఛత్తీస్‌గఢ్‌లో ఇంచుమించు ఇదే లెక్క. అక్కడ పైలీ, కాఠా, ఖాండీ. 20 కాఠాలు ఒక ఖాండీ. తెలుగున 20 తూములు ఒక పుట్టి, దానికే ఖండి అనియు పేరు. భాష మారినను కళ్లములో రాశి కొలుచు చేయి ఒకటే లెక్క పెట్టుచున్నది.

ఇక ఉర్లా సంగతి. రాయపూరుకు ఉత్తరమున బీర్‌గావ్‌నానుకొని యున్న ఈ పారిశ్రామిక వాడలో రోలింగు మిల్లులు, లోహపు కార్ఖానాలు, బియ్యపు మిల్లులు కలవు. 1931లో బెంగాల్ నాగపూరు రైల్వే పార్వతీపురము – రాయపూరు మార్గమును పూర్తిచేసిన పిమ్మట విజయనగరము, బొబ్బిలి, పార్వతీపురము ప్రాంతములవారికి ఈ దేశము ప్రక్కయూరయినది. రైల్వే వర్కుషాపులకు, 1959లో మొదటి కొలిమి వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారమునకు, తరువాత చిన్న కార్ఖానాలకు తెలుగువారు ఈ దారినే వచ్చిరి. వచ్చినవారికి మొదట కావలసినది గది కాదు, అన్నము. గోధుమ రొట్టె మంచి ఆహారమే. కాని అందులో మారు అడుగుటకు 'ఔర్ ఏక్' అని లెక్క చెప్పవలెను. అన్నమునకు లెక్క లేదు. ఆ స్వేచ్ఛ కొరకే దూరదేశపు తెలుగువాడు నలుగురితో కలిసి మెస్సు పెట్టుకొనును.

ఇచ్చట మారు మర్యాదకు సంబంధించినది కాదు, శరీరమునకు సంబంధించినది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థ 2020లో నిర్ణయించిన లెక్కను బట్టి, కూర్చుండి పనిచేయు పురుషునికి దినమునకు 2,110 కిలోకేలరీలు చాలును. మధ్యరకపు శ్రమ చేయువానికి 2,710. కఠిన శ్రమ చేయువానికి 3,470 కావలెను. గుమాస్తాకును కొలిమియొద్ద ఇనుప కడ్డీలను పట్టువానికిని నడుమ 1,360 కేలరీల భేదము. ఇద్దరికి ఒకే ప్లేటు పెట్టి సమానత్వమని సంతోషించువారు ఈ అంకెలను చూడవలెను. ఆ భేదమును పూడ్చునది మారు వడ్డన యొక్కటియే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 46వ సెక్షను 250 మందికి మించి పనివారున్న చోట క్యాంటీను నేర్పరుపవలెనని విధింప వీలు కల్పించెను; 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యను 100కు దించెను. క్యాంటీను ఉండుట చట్టము వలన కలిగినది. మారు వేయుట మాత్రము గరిట పట్టినవాని వలననే కలుగును.

తెలుగు హోటళ్లవారు ఈ సమస్యను ఇంగ్లీషు మాటలతోనే పరిష్కరించిరి. ఆ ఇంగ్లీషును లండనులో ఎవ్వరును గుర్తింపరు. 'మీల్స్' అనగా ఒక్క భోజనమే. బహువచనము గౌరవార్థము కాబోలు. 'ప్లేటు మీల్స్' అనగా పెట్టినంతయే, మారు లేదు. 'ఫుల్ మీల్స్' అనగా ఎన్ని మార్లైనను వేయుదురు. ఆంగ్లములో 'ఫుల్' అనగా నిండినది, ఇక పట్టనిది. తెలుగు హోటలులో అదే మాటకు ముగింపు లేనిదని అర్థము. కడుపును బట్టి పేరు పెట్టిరే గాని కంచమును బట్టి కాదు. హైదరాబాదు హోటళ్లలో 'వన్ బై టూ' అని మరియొక కొలత కలదు: ఒక కప్పు కాఫీని ఇద్దరికి పంచుట. వెల ఒక్కటి, తినువారిద్దరు. సెకండ్సుకు సరిగా తలక్రిందులు. హాఫు, క్వార్టరు అను మాటలు వేరొక దుకాణమునకు చెందినవి గనుక వాటినిక్కడ విడిచిపెట్టుట మేలు.

ఛత్తీస్‌గఢ్ పనివారికి మారు రాత్రియే మొదలగును. మిగిలిన అన్నమున నీరు పోసి ఉదయము తిను 'బాసీ', ఆ పూటనే నీరు పోసికొను 'బోరే' ఇక్కడి కష్టజీవుల ఆహారము. 2022 మే 1న, కార్మిక దినమున, రాష్ట్ర ప్రభుత్వము బోరే బాసీ తినుడని ప్రజలకు పిలుపిచ్చినది. అధికారులు కూడ ఉల్లిపాయ కొరుకుచు ఛాయాచిత్రములు తీయించుకొనిరి. తెలుగువారి చద్దన్నము, తరవాణి దీనికి అక్కచెల్లెండ్రు. శ్రీకాకుళమునుండి వచ్చినవాడు ఉర్లాలో బాసీ గిన్నెను చూచి ఆశ్చర్యపడడు. ఆవకాయ ముక్క ఉన్నదా అని మాత్రము చూచును. ఇంకొక సంగతి: పుష్య పూర్ణిమనాడు ఛత్తీస్‌గఢ్‌లో 'ఛేర్‌ఛేరా' జరుపుదురు. పిల్లలు, పెద్దలు ఇంటింటికి పోయి ధాన్యమడుగుదురు. ఆనాడు అడుగుటలో చిన్నతనము లేదు, ఇచ్చుటలో గొప్పతనము లేదు.

మిగిలిన దినములలో అడుగుట కష్టమే. 1837లో అచ్చగుట కారంభించిన డికెన్సు నవలలో ఆలివరు ట్విస్టు అను అనాథ బాలుడు ధర్మశాలలో మరికొంచెము గంజి అడుగగా పెద్దలందరు నిర్ఘాంతపోవుదురు. ఆ పిల్లవాడడిగినది సెకండ్సే. బిడ్డ మారు అడుగుటను నేరముగా చూచిన ఆ బల్లను చూపి డికెన్సు ఒక చట్టమునే నిలదీసెను. భారతదేశమున 1995 ఆగస్టు 15న జాతీయస్థాయిలో మధ్యాహ్న భోజన పథకము మొదలయ్యెను. 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు వండిన అన్నమే పెట్టవలెనని ఆజ్ఞాపించెను. ప్రాథమిక పాఠశాల బిడ్డకు 100 గ్రాములు, పై తరగతుల బిడ్డకు 150 గ్రాములు ధాన్యమని కొలత. ప్రభుత్వమునకు కొలత తప్పదు. లెక్క లేనిదే బియ్యము కదలదు. కాని ఏ బిడ్డకు ఏ దినమున 100 గ్రాములు చాలవో వంట చేయు ఆమెకు తెలిసినట్లు రిజిస్టరునకు తెలియదు. సెలవునాటి మరుదినము సోమవారము గంజు త్వరగా ఖాళీ యగుట దేనికి గుర్తో వివరింప పనిలేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో ఈ బడి భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. 1841 నుండి 1909 వరకు జీవించి, కోనసీమలోని లంకల గన్నవరమున కాపురముండిన ఆ ఇల్లాలు దారినపోవు ఆకలిగొన్నవారికి వేళయనక వండిపెట్టినది. ఆమె ఇంట కులమేదని గాని, ఎన్నవ తడవయని గాని అడిగినట్లు ఎవరును చెప్పలేదు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు పిలుపు వచ్చినను, వచ్చిన అతిథులను విడిచి ఆమె పోలేదు.

సీతమ్మగారిని తలచినంతనే అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. అందరికి మారు వడ్డించినామెకు మారు వడ్డించువారెవరు? తెలుగు నిఘంటువునంతయు వెదకినను వడ్డించిన వ్యక్తి చివర తిను అన్నమునకు గౌరవమైన పేరు కానరాదు. 'అడుగున మిగిలినది' అందురు, 'మాడు' అందురు. పురుషులు, పిల్లలు, అతిథులు లేచిన తరువాత ఆమె గిన్నెను వంచి చూచును. కూర లేకున్నచో పచ్చడి. పచ్చడి లేకున్నచో మజ్జిగ. 'మారు వడ్డించనా' అను మాట ఆ ఇంటిలో ఇరువది తడవలు వినబడియుండును, ఆమెకొరకు ఒక్కసారియు కాదు. దీనిని త్యాగమని పొగడుట ఆచారమైనది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఛత్తీస్‌గఢ్‌లో అది 60ని దాటెను. రక్తహీనతకు కారణములు పెక్కు కలవు. అయినను కూరగిన్నె అడుగు తాకిన తరువాత కంచము ముందు కూర్చుండుట వాటిలో చేరదని ఏ వైద్యుడును చెప్పడు.

ఇక్కడ ఆంగ్లేయుని 'హెల్ప్ యువర్‌సెల్ఫ్'కు కొంత న్యాయము చేయవలెను. అది తెలుగు చెవికి ముక్కుసూటిగా తోచినను, గిన్నెలు బల్లపైనుంచి అందరు ఒకేసారి కూర్చుండు ఇంటిలో ఇల్లాలు కూడ కూర్చుండును. క్వార్టర్లలో చిన్న కుటుంబములు ఇటీవల ఈ పద్ధతికి వచ్చుచున్నవి. పెద్దవారు వచ్చినప్పుడు మాత్రము మరల బంతి, మరల ఆమె చేతిలో గరిట.

షిఫ్టులో పనిచేయువారి ఇండ్లలో ఒక అలవాటు కలదు. రెండవ షిఫ్టు ముగించి రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరువానికి అన్నము, కూర ముందే తీసి ఒక గిన్నెలో మూతపెట్టుదురు. బంతిలో ఎవరెన్ని మార్లు అడిగినను ఆ గిన్నె ముట్టరు. పిల్లలకు కూడ ఆ సంగతి తెలియును. కొన్ని ఇండ్లలో, ముఖ్యముగా అత్తగారు కొంత లోకము చూచినదైనచో, దాని ప్రక్కన రెండవ గిన్నె యుండును. కోడలు వడ్డన మొదలుపెట్టక ముందే అత్తగారు అందులో కూర తీసి మూతపెట్టి, పైన ఒక చెంచా అడ్డముగా నుంచును. కూర ముగిసినదని కోడలు చెప్పిన తరువాత ఎవరైన మారు అడిగినచో, అత్తగారు కూడ 'ముగిసినది' అనియే చెప్పును.